ఫోనుకు లోపం లేదు

ప్రియమైన అక్కకు,

కాగితం మీద నా రాత చూడగానే నీ గుండె జారి ఉంటుంది. రోజూ ఫోన్లో మాట్లాడుకునే అక్కచెల్లెళ్లకు ఉత్తరాలేమిటని బావ కూడా అడుగుతాడు. భయపడకు, అందరం లేచి తిరుగుతూనే ఉన్నాం. కానీ నేను ఎవరితో మాట్లాడానో, ఎవరికేం రాశానో మా ఆయన రోజూ భోజనం కాగానే నా ఫోను తీసి చూస్తారు. అందుకే ఇది మా వర్క్‌షాపులో, సోఫా గుడ్డ కత్తిరించే బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. జవాబు కూడా ఇంటికి వద్దు. వర్క్‌షాపు అడ్రసుకి, మా ఓనరమ్మ పేరున రాయి.

నీకు ఆ ఫోను ఫోటో పంపాను కదా, బల్ల మీద అంచు కనబడేలా నిలబెట్టి తీసింది. ఆకులా ఉందే, నీ మొగుడు నిన్ను నెత్తిన పెట్టుకుంటున్నాడే అని నువ్వు మురిసిపోయావు. అప్పుడు నేనూ నవ్వాను. ఆయన పని నీకు తెలుసు. షోరూంలో అమ్మేవాళ్లకు కొత్త మోడళ్ల గురించి నేర్పుతారు. ఈ సన్నటి ఫోను వచ్చినప్పుడు తోటివాళ్లంతా పెదవి విరిచారట. అంత ధర పెట్టి బ్యాటరీ చిన్నది, కెమెరా ఒక్కటి, ఎవడు కొంటాడని. ఈయనకు పంతం వచ్చింది. మా ఆవిడ వాడుతుంది, మీరే చూడండని అందరి ముందూ అనేసి, రెగ్జిన్ కుట్టే పెద్ద మిషను కోసం నేను దాచుకున్న డబ్బు తీసి కొనేశారు. నన్ను అడగలేదు. పుట్టినరోజు కానుకలా చేతిలో పెట్టారు.

అబద్ధమెందుకు, పట్టుకోగానే ముచ్చటేసింది. ఏప్రాన్ జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు. కానీ మధ్యాహ్నం టీ వేళకల్లా చార్జింగ్ అడుగంటుతుంది. కాసేపు మాట్లాడితే చెవి కాలుతుంది. స్పీకరు పైన ఒక్కటే. మా దగ్గర పిన్నులు కొట్టే గన్ను చప్పుడులో అది మోగినా దోమ పాడినట్టే.

ఒక సాయంత్రం నేను ఇంటికి వెళ్లేసరికి ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. చాలాసార్లు ఫోన్ చేశారట. చార్జింగ్ అయిపోయిందండీ, దీనికి సాయంత్రం దాకా ఆగదు అన్నాను. ఏం ఆగదు అని మెల్లగా అడిగారు. బ్యాటరీ అన్నాను. లేచి వచ్చి చెంప మీద కొట్టారు. చెవిలో ఒక్కసారిగా గాలి నిండినట్టయింది. అప్పుడు, తరగతిలో పాఠం చెప్పినట్టు, "ఫోనుకు లోపం లేదు. లోపం వాడే మనిషిలో ఉంటుంది" అన్నారు.

తర్వాత ఆయనే కూర్చుని స్క్రీను వెలుగు తగ్గించారు, అవీ ఇవీ ఆపేశారు. మర్నాడు మళ్లీ ఆగిపోయింది. ఆ రోజు తలుపు చట్రానికి నా తల కొట్టారు. ఆ తర్వాత అదొక లెక్కయింది అక్కా. ఫోను ఆగిపోతే దెబ్బ. ఫోను రోజూ ఆగిపోయేది. మధ్యాహ్నం దాటితే ప్రాణం బిక్కుబిక్కుమనేది. ఎవరికీ ఫోన్ చేయకుండా, దాన్ని ముట్టుకోకుండా డబ్బాలో దాచి పెట్టేదాన్ని. అలా దాచిన రోజు ఆయన ఫోన్ చేస్తే వినపడేది కాదు. దానికో దెబ్బ.

చెంప చూసి ఓనరమ్మ ఏమైందని అడిగింది. పాత సోఫా విప్పుతుంటే స్ప్రింగు ఎగిరి తగిలిందన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "మీ ఇంటి స్ప్రింగుకు అయిదు వేళ్లుంటాయా?" అంది. టీ తెచ్చి పక్కన పెట్టింది.

అమ్మకు చెప్పకు. నువ్వూ పరిగెత్తుకు రాకు. ఎవరో ఒకరికి చెప్పకపోతే తల పగిలిపోయేలా ఉండి రాశాను.

నీ
పిచ్చుక

అక్కా,

నీ ఉత్తరం అందింది. మూడు చోట్ల సిరా కరిగి ఉంది, ఏడుస్తూ రాశావని తెలిసింది. బావ వ్యాను మాట్లాడి వస్తానన్నాడని రాశావు. ఇప్పుడే వద్దు. ఎందుకో చెబుతాను, తిట్టుకోకుండా చదువు.

దెబ్బలు తప్పించుకోవడానికి నేనే ఒక తెలివితక్కువ పని చేశాను. మా వీధి చివర కొట్లో పవర్ బ్యాంకు కొన్నాను, ఇటుక ముక్కంత ఉంటుంది. దాన్ని ఏప్రాన్ జేబులో పెట్టి, వైరుతో ఫోనుకు తగిలించి పని చేసుకునేదాన్ని. కొన్నాళ్లు హాయిగా గడిచింది. ఫోను ఆగిపోలేదు, ఇంట్లో అరుపు లేదు. ఒకనాడు దాన్ని సంచిలోంచి తీసి వంటింటి గట్టు మీద పెట్టడం ఆయన చూశారు. ఇదేమిటన్నారు. నిజమే చెప్పాను.

ఆయన మొహం పాలిపోయింది అక్కా. కోపం కాదు, సిగ్గు. వీధిలో తన బట్టలూడదీసినట్టు చూశారు. ఇంత సన్నటి ఫోనుకు ఈ బండరాయి కట్టుకుని ఊరంతా తిరుగుతున్నావా, మా షోరూం వాళ్లెవరైనా చూస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అన్నారు. నా ఎడమచెయ్యి గట్టు మీద ఉంది. ఆ పవర్ బ్యాంకే ఎత్తి దాని మీద కొట్టారు. ఒకసారి కాదు. చిటికెన వేలు పుల్లలా విరిగింది, ఆ చప్పుడు నాకు వినిపించింది. నేను అరిస్తే రెండో చేత్తో నోరు మూసి, తల వెనక్కి గోడకు అదిమి, వేలు వాచేదాకా అలాగే పట్టుకున్నారు.

ఆ తర్వాత ఆయనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. బల్ల మీద కూర్చుని నా నోటికి మంచినీళ్లు అందించారు. బరువైన సోఫా చేతి మీద పడిందని చెప్పారు. డాక్టరు నావైపు తిరిగి, నిజంగా సోఫాయేనా అని అడిగాడు. తలూపాను. నొప్పి కంటే ఆ తలూపడమే ఇప్పుడు గుర్తొస్తోంది.

ఒక సంగతి అర్థమైంది. ఫోనులో తప్పుందంటే ఆయనలో తప్పుందన్నట్టే ఆయనకు. నలుగురి ముందు పందెం కాసిన మనిషి. అది ఆగిపోయిన ప్రతిసారీ ఆయన ఓడిపోతున్నారు, ఆ ఓటమికి నా ఒళ్లు చెల్లిస్తోంది.

ఈ ఆదివారం షోరూంలో ఆ ఫోను గురించి పెద్ద సభ పెట్టారు. వాడుతున్న మనిషిగా నన్ను మాట్లాడమన్నారు. నాలుగు మంచి మాటలు చెప్పు చాలు, ఇంకెప్పుడూ నీ మీద చెయ్యెత్తను, అమ్మ మీద ఒట్టు అన్నారు. చెబుదామనుకున్నాను. నాలుగు అబద్ధాలకు వీపు దక్కుతుందంటే బేరం నష్టమేం కాదు. మాటలు కంఠస్థం చేస్తున్నాను. అందుకే మీరిద్దరూ రావద్దు. ఒక్క అవకాశం ఇచ్చి చూస్తాను. పిరికిదాన్నంటావా, అను.

నీ
పిచ్చుక

మా అక్కకు, బావకు కూడా,

ఈసారి ఇద్దరూ కలిసి చదవండి. దాచేదేమీ లేదు. ఇప్పుడు నేనుంటున్నది వర్క్‌షాపు మేడ మీద, స్పాంజి దిమ్మలు పేర్చిన గదిలో. ఓనరమ్మ తాళం నా చేతికే ఇచ్చింది. ఇక్కడికి రానని అతనితో స్టేషన్లో రాయించారు. "ఆయన" అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అతనే అంటాను.

ఆదివారం షోరూం నిండా జనం. అద్దాల బల్లల మీద ఆ ఫోన్లు చిన్న చిన్న స్టాండ్లకు నిలబెట్టారు. వేలి కట్టు కనబడకుండా నాకు పొడుగు చేతుల జాకెట్టు వేయించి, ఫోను కుడిచేత్తోనే పట్టుకోమన్నాడు. మైకు ముందు నిలబడి నేర్చుకున్న మాటలన్నీ అప్పజెప్పాను. తేలిక, అందం, గర్వంగా ఉంటుంది అని. చప్పట్లు కొట్టారు. అతని మొహం వెలిగింది.

అప్పుడు ముందు వరసలోంచి ఒకావిడ లేచింది. బస్సు కండక్టరు, డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, టికెట్ల సంచి ఇంకా భుజానే ఉంది. "అమ్మా, నేను పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాక దిగుతాను. ఇంటి దగ్గర మా అమ్మ ఒక్కతే, గుండెజబ్బు మనిషి. సాయంత్రం దాకా చార్జింగ్ ఆగుతుందా దీనికి?" అని అడిగింది.

పక్కనుంచి అతను, ఆగుతుంది మేడమ్ అన్నాడు. "మిమ్మల్ని కాదండీ, వాడే ఆవిణ్ణి అడుగుతున్నా" అంది ఆవిడ.

ఆగుతుందనే అనబోయాను అక్కా. ఆ మాట నాలుక మీదే ఉంది. కానీ ఆ ముసలామె మధ్యాహ్నం గుండె పట్టుకుని కూతురికి ఫోన్ చేస్తున్నట్టు, ఇవతల స్క్రీను నల్లగా ఉన్నట్టు కళ్ల ముందు కనబడింది. "ఆగదండీ. టీ వేళకే పోతుంది" అన్నాను.

వెనక ఎవరో సేల్స్‌మన్ కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వే కొట్టించింది. అతని చెయ్యి నా చెంప మీద పడింది, మైకు ఎగిరి నేల మీద కీచుమంది. జుట్టు పట్టుకుని నా నుదురు బల్ల అంచుకు కొట్టాడు. చేతికి అలవాటైన పని కదా, ఎక్కడున్నదీ మరిచిపోయింది. అంతమందీ నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. కండక్టరమ్మ ఒక్కతే వచ్చి మా మధ్య దూరింది. అతను ఆవిణ్ణి ఒక్క తోపు తోశాడు. వెనక్కి వెళ్లి అద్దాల బల్ల మీద పడింది. అద్దం భళ్లున పగిలింది, ముంజేయి తెగి, ఆ ఫోన్ల మీదుగా రక్తం కారింది.

అది చూసేసరికి నాలో ఏదో తెగింది. మళ్లీ నా మీదికొచ్చిన మణికట్టు పట్టుకున్నాను. ఇన్నేళ్లుగా సోఫా చట్రాలకు పట్టీలు బిగించి లాగిన చెయ్యి నాది. మెలి తిప్పాను. కటుక్కుమంది. మైకు స్టాండు తీసుకుని మోకాలి మీద కొట్టాను, కింద పడ్డాక భుజం మీద కొట్టాను. మళ్లీ ఎత్తాను. అద్దం పెంకుల్లో కూర్చునే కండక్టరమ్మ, "చాలమ్మా. వాడు పోతే నువ్వు పోతావు" అంది. దించాను. ఆగానని నాకేం గొప్ప లేదు. ఆ మూడోది నేను తలకే గురిపెట్టాను.

అతను చేసిన పని విను. నేల మీద పడి ఉన్నవాడు, మంచి చేత్తో నా ఫోను వెతికి పట్టుకుని, జనం వైపు ఎత్తి చూపించి, "చూశారా, ఇంత పడినా వంగలేదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఒకామె తన పిల్ల కళ్లు మూసింది.

మేనేజరు షట్టరు దించి, లోపల కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. కండక్టరమ్మ ఒప్పుకోలేదు. రక్తం కారుతున్న చేత్తోనే పోలీసులకు ఫోన్ చేసింది. ఆస్పత్రిలో ఆవిడకు కుట్లు వేస్తుంటే పక్కనే కూర్చున్నాను. ఇంతకీ ఆ ఫోను వద్దంటావా అని అడిగింది. చూడ్డానికి చాలా బాగుంటుందండీ, చార్జరు పక్కన కూర్చుని వాడుకునేవాళ్లు కొనుక్కోవచ్చు, మనలాంటి వాళ్లకు లావుగా ఉన్నా పలికేదే మేలు అన్నాను. అలాగే అని కళ్లు మూసుకుంది.

అతను కూడా నా మీద కేసు పెట్టాడు, మణికట్టు విరిచానని. మొన్న వాళ్ల మామయ్య రాయబారం వచ్చాడు. నేను కేసు వెనక్కి తీసుకుంటే అతనూ తీసుకుంటాడట. రెండు రోజులు చార్జింగ్ ఆగే ఫోను కొనిస్తానన్నాడట. ఇంకా గొడవ బ్యాటరీ గురించే అనుకుంటున్నాడు అక్కా.

"ఏ ఫోను కొన్నా చెయ్యి అతనిదే కదా మామయ్యా" అన్నాను.

నేనిచ్చిన మంచినీళ్లు తాగి, ఆయన తలెత్తకుండా లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "కేసు మాత్రం వెనక్కి తీసుకోకమ్మా" అన్నాడు.

వచ్చే నెల కోర్టులో వాయిదా ఉంది. స్టాండు మూడోసారి ఎందుకెత్తావని అడుగుతారు. భయపెట్టడానికని చెప్పమంటున్నాడు లాయరు. నేను ఉన్నదున్నట్టే చెప్పాలనుకుంటున్నాను, దానివల్ల ఏమవుతుందో తెలియదు. చిటికెన వేలు ఇక పూర్తిగా ముడుచుకోదని డాక్టరు చెప్పాడు. ఈసారి నిజం చెప్పాను ఆయనకు, సోఫా కాదని.

ఇప్పుడు రండి. ఇద్దరూ రండి. కోర్టులో నా పక్కనే కూర్చో అక్కా. మాట తడబడితే చెయ్యి పట్టుకో. కుడిచెయ్యి పట్టుకో, ఎడమది ముట్టుకుంటే ఇంకా ప్రాణం పోతోంది.

నీ చెల్లెలు,
పిచ్చుక