అరవై రెండు పాత ముక్కలు

జూన్ 4
మా ఆవిడ బీరువా పక్కన బరువైన సంచి దొరికింది. నిండా తుప్పు పట్టిన కొళాయిలు, విరిగిన గొళ్ళేలు, మాడిన స్విచ్చులు. ఒక్కోదానికి ఒక చీటీ. తన రాత. చదవలేదు. పాతసామాన్లవాడు తూచి చెప్పిన ధర నచ్చక మళ్ళీ లోపల పెట్టాను. తను పోయి నేటికి మూడు నెలలు.

జూన్ 9
టాక్స్ ఆఫీసు నుంచి నోటీసు. అద్దెకిచ్చిన ఇంటి మీద తను రిపేర్లని చూపిన ఖర్చు రిపేర్లు కాదట, ఇంటి విలువ పెంచిన పనులట. నాలుగేళ్ళ పన్ను, వడ్డీ, పెనాల్టీ. ఇరవై రెండున హాజరు కావాలి.
ఆ ఇల్లు తను ఇరవయ్యేళ్ళు పాఠాలు చెప్పి కొన్నది. లెక్కలన్నీ తనవే. నావి సంతకాలు.

జూన్ 11
బావమరిది ఆడిటర్. బావా, కారే కొళాయి తీసి అలాంటిదే బిగిస్తే రిపేరు, ఆ ఏడు అద్దెలోంచే తీసేయొచ్చు, కొత్త హంగులు పెడితే అలా కుదరదు అన్నాడు. అక్క బిల్లుల మీద బాత్రూమ్ పని అనే ఉంది, అంతకుముందు అక్కడ ఏముందో ఎలా చూపిస్తాం అన్నాడు. కట్టాలంటే ఇల్లు అమ్మాల్సిందే. బ్రోకర్ నంబరు రాసిచ్చాడు.

జూన్ 12
బ్రోకర్‌కి ఫోన్ చేయలేదు.

జూన్ 15
అద్దె ఇంట్లో వాల్వ్ కారుతోందంటే ప్లంబర్‌ని తీసుకెళ్ళాను. పని అయ్యాక పాత వాల్వ్ నా చేతిలో పెట్టాడు. దీన్నేం చేసుకోను అన్నాను. అదేంటి సార్, పాత ముక్క చేతిలో పడందే అమ్మగారు కూలి ఇచ్చేవారా, మార్చకుండానే మార్చానంటానని అనుమానం, పన్నెండేళ్ళూ నన్ను దొంగలానే చూశారు అని నవ్వాడు.
ఇంటికొచ్చి సంచి బోర్లించాను. చీటీలు చదివాను. తేదీ, పోర్షన్, పనివాడి సంతకం. కింద గుండ్రటి అక్షరాలు: బదులు పెట్టిందీ అదే సైజు, అదే రకం. అన్నీ నోటీసులోని నాలుగేళ్ళవే, అరవై రెండు ముక్కలు. తన ఫైల్లో రిపేరు బిల్లులూ అరవై రెండే.
ఇనప కొట్టు పెడతావా అని వెక్కిరించేవాణ్ణి. పెట్టినా నిన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోనివ్వను అనేది.

జూన్ 22, సాయంత్రం 5
గెలిచాం.
మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. సంచి నేనూ బావమరిదీ చెరోపక్క పట్టుకుని మోశాం. ఇది ఆఫీసనుకున్నారా, పాతసామాన్ల షాపనుకున్నారా అంది ఆఫీసరు. ఒక చీటీ చదివింది. దాని బిల్లు అడిగింది. పదో ముక్కకి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇరవయ్యోదానికి పక్క టేబుళ్ళవాళ్ళు కూడా చుట్టూ మూగారు. ఒక్కటీ తప్పలేదు.
సంచి అడుగుకి అతుక్కుని, ఆ రోజు బోర్లించినా రాలని గీజర్ అట్టపెట్టె ముక్క. దాని చీటీ మీద తన రాత: ఇది కొత్తగా పెట్టించింది, రిపేర్లలో కలపకూడదు. ఆఫీసరు ఫైలు తిరగేసింది. విడిగానే చూపించి ఉంది. ఫైలు మూసి, ఒక్క పైసా కట్టక్కర్లేదు అంది.
ఈ చీటీలు రాసినావిడ రాలేదేం అని అడిగింది. చెప్పాను. ఊడిపోయిన ఒక చీటీని ఆఫీసరే మళ్ళీ ముక్కకి ముడి వేసింది.
మెట్లు దిగుతూ బావమరిది ఈల వేశాడు. బ్రోకర్ నంబరు చింపేశాను. సంచి నేనొక్కణ్ణే మోశాను.

జూలై 2
మా వంటింటి కొళాయి మార్పించాను. సొంత ఇల్లు, ఏ పన్ను లెక్కలోకీ రాదు. అయినా పాతదానికి చీటీ కట్టి ప్లంబర్‌ని సంతకం అడిగాను. మీకూ నేను దొంగనేనా సార్ అన్నాడు. అవునన్నాను.