పడుకుంది బాబాయ్

జూన్ 7, 1999. సోమవారం

మ్యాగజైన్‌తో వచ్చిన సీడీలో చేపలున్నాయి. స్క్రీన్ మీద ఈదుతాయట. బుడగలు కూడా వస్తాయట. లైబ్రరీలో రెండేళ్ళుగా నేను చూస్తున్నది నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలే. ఇప్పటికి పంతొమ్మిది వేల పుస్తకాల కార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కాసిని చేపలు చూస్తే ఎవరి సొమ్మేం పోతుంది అనిపించింది.

ఎక్కలేదు. కొత్త glibc ఉంటే తప్ప రానంది. మా కంప్యూటర్‌ని నడిపే లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీదే నిలబడుతుంది, ఇంటికి పునాదిలా. అదీ ఆ సీడీలోనే ఉంది. రేపు చూస్తాను.

ఐదుకి పది నిమిషాల ముందు షట్‌డౌన్ చేసి, పడుకుంది బాబాయ్ అని కేకేశాను. బాబాయి మా అటెండరు. ఇరవై ఆరేళ్ళుగా లైబ్రరీ తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపడం కూడా ఆయన పనే, నిప్పు భయానికి పెట్టిన రూలు. తెర వైపు చూడడు. నా మాట వింటాడు, స్విచ్ దించుతాడు. జోల పాడేశావా కంప్యూటరమ్మా, అంటాడు.

జూన్ 8, మంగళవారం

రాయడానికి చేయి రావడం లేదు.

జూన్ 9, బుధవారం

రాస్తాను. ఎవరూ చూడరుగా.

నిన్న మధ్యాహ్నం మూడున్నరకి ఆ కొత్త glibc ఎక్కించబోయాను. ఇది వేస్తే అది చెడుతుంది, అది చెడితే ఇంకోటి చెడుతుంది అని సిస్టమ్ తెర నిండా చెప్పింది. వినలేదు.

rpm -Uvh --force --nodeps

అని కొట్టి, పక్కన ఫైలు పేరు పెట్టాను. బలవంతంగా ఎక్కించు, ఎవరినీ అడక్కు అని దాని అర్థం. మనుషులతో అలా మాట్లాడడం నాకు చచ్చినా రాదు.

సగంలో ఆగింది. ఆ తర్వాత ఫైళ్ళ జాబితా కోసం ls కొడితే glibc ఫైలు తెరవలేనంది. కాపీ చేద్దామని cp కొట్టినా అదే మాట. echo ఒక్కటే పనిచేసింది. echo * అంటే ఫైళ్ళ పేర్లన్నీ వరసగా వచ్చాయి. అన్నీ ఉన్నాయి, దేన్నీ ముట్టుకోలేను. భయపడి exit కొట్టాను. మళ్ళీ లోపలికి రానివ్వలేదు. రీసెట్ నొక్కాను. సగం దూరం వచ్చి, kernel panic అని చెప్పి ఆగిపోయింది.

మానిటర్ ఆపేశాను. ఐదుకి పది నిమిషాలప్పుడు బాబాయి స్విచ్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పడుకుంది బాబాయ్, అన్నాను. స్విచ్ దించాడు.

ఈ రోజు పొద్దున మేడం ముందు ఆన్ చేసి, రావడం లేదండీ అన్నాను. మేడం మా లైబ్రేరియన్. కంప్యూటర్ గురించి ఆవిడకి తెలిసిందల్లా ఒకటే, చెప్పాపెట్టకుండా కరెంటు తీస్తే పాడవుతుందని. పోయినేడు ఒకసారి బాబాయి తొందరపడి స్విచ్ దించితే సరిచేయడానికి నాకు గంట పట్టింది. ఆవిడ అది మర్చిపోలేదు. బాబాయిని పిలిచి, మళ్ళీ దించేశావా అని అడిగింది. అమ్మాయి చెప్పాకే దించానండీ, అన్నాడాయన. మేడం నా వైపు తిరిగింది. నువ్వు చెప్పావా, అంది.

నేను నా చెప్పుల వైపు చూశాను.

అంతే చేశాను. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. నేనెప్పుడూ అలాగే ఉంటాను కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పిల్ల నెమ్మదిది, నీ మీద చెప్పడానికి మొహమాటపడుతోంది, అంది మేడం. బాబాయి కాసేపు ఆలోచించాడు. రోజూ వినే మాట కదండీ, నిన్న వినకపోయినా విన్నట్టు అనిపించిందేమో, వయసైపోయింది, అన్నాడు.

కాన్వెంట్‌లో మోరల్ సైన్స్ మార్కులు నాకు ఎప్పుడూ తొంభైకి తగ్గలేదు.

జూన్ 10, గురువారం

కంప్యూటర్ షాపాయన వచ్చాడు. లైనక్స్ మొహం ఎప్పుడూ చూడలేదట. అయినా ఇది కరెంటు దెబ్బేనండీ, కళ్ళు మూసుకుని చెప్తాను, అన్నాడు. కళ్ళు మూసుకునే చెప్పాడు. ఫార్మాట్ చేసి విండోస్ వేసేస్తే పీడా పోతుందట. మరి పంతొమ్మిది వేల కార్డులో అంటే, మళ్ళీ కొట్టుకోవచ్చు కదమ్మా, వేళ్ళు అరిగిపోతాయా, అన్నాడు. సోమవారం దాకా ఆగమని మేడంని బతిమాలుకున్నాను.

సాయంత్రం మేడం బాబాయి దగ్గర తాళంచెవి తీసుకుని నా చేతిలో పెట్టింది. వచ్చే బుధవారం లైబ్రరీ కమిటీ కూర్చుంటుంది, ఈయన్ని రికార్డుల గోడౌన్‌కి పంపేయమని రాస్తాను, అంది. బాబాయి అక్కడే ఉన్నాడు. గోడౌన్‌కి కిటికీ లేదు. మనిషన్నవాడు అటు రాడు.

తాళంచెవికి ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంది. చేతి చెమటకి నల్లబడింది. నా చేతికి వచ్చినప్పుడు ఇంకా వెచ్చగానే ఉంది.

ఇంట్లో అక్క ఎగిరి గంతేసింది. నోట్లో నాలుక లేదనుకున్నానే, పెద్ద ఆఫీసరువైపోయావు, అంది. పక్కింటావిడని పిలిచి మరీ చెప్పింది. తలనొప్పిగా ఉందని పడుకున్నాను.

జూన్ 11, శుక్రవారం

ఎనిమిదీ యాభైకి వెళ్ళేసరికి బాబాయి గేటు బయట నిలబడి ఉన్నాడు, నేను వచ్చి తాళం తీస్తానని.

జూన్ 12, శనివారం

షాపాయన కంప్యూటర్‌లో రెస్క్యూ ఫ్లాపీ తయారు చేసుకున్నాను. హార్డ్ డిస్క్ లేవలేనప్పుడు దీంతో లేపొచ్చు. మొదటి ఫ్లాపీ చెడిపోయింది. రెండోదీ అంతే. మూడోది నిలిచింది.

తిరిగొచ్చేసరికి బాబాయి నా బల్ల తుడుస్తున్నాడు. నా మూలాన నీ రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది తల్లీ, ఏమనుకోకు, అన్నాడు. నిన్న చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. చెవులు పిల్లాడి చెవుల్లా ఉన్నాయన్నాడట డాక్టరు. మరి చెవుల్లో లేకపోతే తేడా బుర్రలో ఉన్నట్టే కదా, అన్నాడు. వాళ్ళ నాన్నకి ఆఖర్లో మతి తప్పిందట. అదీ ఇలాగే మొదలైందట, ఎవరూ అనని మాటలు వినపడడం.

నవ్వుతూనే చెప్పాడు. బల్ల మీద తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

నోరు తెరిచాను. మంచి ఫ్లాపీ దొరికింది బాబాయ్, అన్నాను.

జూన్ 14, సోమవారం

లేచింది. ఫ్లాపీతో లేపి, హార్డ్ డిస్క్‌ని ఫైళ్ళు అందేలా mount చేసి, మొదట్లో లైనక్స్ ఎక్కించిన సీడీలోంచి పాత glibc తీసి కొత్తదాని చోట పెట్టాను. రీస్టార్ట్ చేస్తే login: అని వచ్చింది. కార్డులన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

రీస్టార్ట్‌కి ముందు ఇంకో పని చేశాను. మనం exit కొట్టి వెళ్ళేటప్పుడు, అంతవరకూ కొట్టిన కమాండ్లన్నీ లైనక్స్ ఒక ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. ఆ ఫైలు తెరిచాను. చివర్లో force ఉంది, nodeps ఉంది. తర్వాత ls, ls, ls, cp, ls, echo, exit. ఆ రోజు నా గుండె ఎలా కొట్టుకుందో అంతా అందులో ఉంది. ఈ ఊళ్ళో అది చదివి అర్థం చేసుకునేది నేనొక్కదాన్నే. అయినా చెరిపేశాను.

మేడం నా భుజం తట్టింది. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. బతికించావు తల్లీ, అని రెండు చేతులూ జోడించాడు.

నాకు.

జూన్ 15, మంగళవారం

కమిటీకి పంపే ఉత్తరం మేడం చెప్తుంటే నేను టైప్ చేశాను, అదే కంప్యూటర్ మీద. కంప్యూటర్ బాగైంది కదండీ, ఇంకా ఉత్తరం ఎందుకు, అని ముందు గొణిగాను. నీది జాలిగుండె, ఊరుకో, అంది. సిబ్బంది చెప్పకముందే మెయిన్ స్విచ్ ఆపివేసినందున, అని చెప్పింది. కొట్టాను. జ్ఞాపకశక్తి సరిగా లేదని ఆయనే ఒప్పుకున్నందున, అని చెప్పింది. వేళ్ళు ఆగిపోయాయి. ఏం, స్పెల్లింగ్ రాదా, అంది. వచ్చునన్నాను. ప్రింట్ తీసి పట్రా, అని తన గదిలోకి వెళ్ళింది.

ఆ పేరా తీసేశాను. దాని చోట నాలుగు వాక్యాలు కొట్టాను. జరిగింది నాలుగు వాక్యాలే. ప్రింటరు ఒక్కో లైనూ గీసుకుంటూ వస్తుంటే గది గదంతా వింటున్నట్టు అనిపించింది. కింద సంతకం పెట్టి మేడం బల్ల మీద ఉంచి, నిలబడ్డాను.

ఆవిడ చదివింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివింది. చేపలా, అంది. అవునండీ అన్నాను. చేపల కోసమా, అంది. అవునండీ. ఎన్ని చేపలు, అంది. తెలియదండీ, చూడనే లేదు, అన్నాను.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. ఈ కాగితమే కమిటీకి వెళ్తుంది, అంది. గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచింది. ఆయనకి మాత్రం కాగితం ఇవ్వకు, నోటితో చెప్పి చావు, అంది.

జూన్ 16, బుధవారం, మధ్యాహ్నం

చెప్పాను. వరండాలో. ముందు తాళంచెవి చేతిలో పెట్టి, తర్వాత చెప్పాను. ఆ మంగళవారం పడుకుందని నేను అన్నాను బాబాయ్, మీరు విన్నారు, సరిగ్గానే విన్నారు, పాడు చేసింది నేను, అన్నాను.

పునాదీ చేపలూ ఆయనకి ఎక్కలేదు. అయితే నా బుర్ర బాగానే ఉందా, అని అడిగాడు. బాగానే ఉంది బాబాయ్, అన్నాను. స్తంభం పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నాడు. ఏడు రోజులు, అన్నాడు.

తిడితే బాగుండేది.

జూన్ 17, గురువారం

కమిటీ ఆయన్ని ఎక్కడికీ పంపదట. నాకు మెమో ఇచ్చారు. ఇకనుంచి అన్ని అధికారాలూ ఇచ్చే root పాస్‌వర్డ్ సీలు వేసిన కవర్లో మేడం దగ్గర ఉండాలట. మేడం ఆ కవరు ఎక్కడ పెట్టిందో అప్పుడే మర్చిపోయింది.

అక్క మెమో చదివి, పక్కింటావిడ అడిగితే ఏం చెప్పి ఏడవను, అంది. జరిగిందే చెప్పమన్నాను.

పొద్దున గేటు బయట నేను నిలబడ్డాను. బాబాయి తాళం తీశాడు. కంప్యూటరమ్మా అనలేదు.

జూన్ 18, శుక్రవారం, సాయంత్రం

పడుకుంది బాబాయ్, అన్నాను.

స్విచ్ దించలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి, ఈ రెండేళ్ళలో మొదటిసారి తెర ముందు వంగి నిలబడ్డాడు. ఏం రాసుందో చదవమన్నాడు. System halted, అని చదివాను. మళ్ళీ చదవమన్నాడు. చదివాను.

అప్పుడు వెళ్ళి దించాడు.