తల ఎటువైపు

అన్నకు,

తమ్ముడు మల్లేశం శనార్థులతో రాస్తున్నది. అక్కడ నువ్వు, వదిన, అవ్వ, బాపు ఎట్లా ఉన్నారు? బాపు మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఎండ బాగా ఉంది గాని మధ్యాహ్నం పని ఆపుతున్నారు. వంట నేనే చేసుకుంటున్నాను. ఇన్నాళ్లూ సత్తయ్య చేసేవాడు. పచ్చిపులుసు వాడి చేతిదే బాగుండేది.

ఫోన్ చేస్తే కొడుకు సంగతి వినాలని నీ పక్కన చిన్నమ్మ ఉంటుంది. అందుకే ఇది రాసి జమ్మికుంట యాకూబ్ భాయ్ చేతికిస్తున్నాను. రేపు సత్తయ్య పెట్టె వచ్చే విమానంలోనే ఆయన సెలవు మీద వస్తున్నాడు. నాకు సెలవు ఇవ్వలేదు.

చిన్నమ్మకు చెప్పినట్టు వాడు నిద్రలోనే పోయాడు. వాడి నోట్లో పోద్దామని సీసాలో నీళ్లు తీసుకుపోయాను. దవాఖానలో ముఖం చూపించి, వీడేనా అని అడిగి పంపించేశారు.

కాటికి పోయే దారిలో దింపుడు కల్లం దగ్గర దించి చెవిలో పేరు పిలవాలి కదా. పోయిన ఏడు పక్క ఊరి ఓదేలు పెట్టె వస్తే తెలియక కాళ్ల వైపు పిలిచారు. "నా కొడుక్కు ఇనరాలే" అని వాళ్లవ్వ ఇప్పటికీ ఏడుస్తుందట. ఆ మాట చిన్నమ్మకూ తెలుసు. అందుకని పెట్టె సర్దిన మనిషిని బతిమాలి తల ఎటుందో అడిగి, ఆ వైపు పిడికి సత్తయ్య తువ్వాల కట్టాను. సామాను పంపేచోట ఏదీ వేలాడొద్దని దాన్ని కత్తిరించి నా చేతిలో పెట్టారు. పెట్టెను అటూ ఇటూ తిప్పి గోనెగుడ్డ కుట్టేశారు. ఇప్పుడు తల ఎటో నాకూ తెలియదు.

"భాయ్, జర మీరన్న చూడుండ్రి" అన్నాను.

"అరే తమ్మీ, నేను సీట్ల కూసుంట, ఆయన కింద సామాన్ల ఉంటడు. ఎట్ల చూస్త? మా దాంట్ల గూడ గోరీల ముఖం ఒక్క దిక్కే తిప్పాలె. నాకు తెల్వదా నీ పరేషాన్?" అన్నాడు.

చాలా రోజులైంది, మూత తీయొద్దని గట్టిగా చెప్పారు. చిన్నమ్మ తీయమంటుంది. తీయనివ్వకు.

అన్నా, ఒక పని చెయ్యి. చిన్నమ్మను ఒక వైపు కూర్చోబెట్టి, నువ్వు ఇంకో వైపు కూర్చో. ఇద్దరూ ఒకేసారి పిలవండి. నువ్వు గట్టిగా పిలువు, చిన్నమ్మకు గొంతు ఉండదు. ఎవరన్నా అడిగితే, తల చిన్నమ్మ వైపే ఉందని మల్లేశం రాసిండని చెప్పు. ఈ ఉత్తరం మాత్రం ఎవరికీ చూపించకు.

అవ్వకు, బాపుకు, వదినకు శనార్థులు. నా గురించి ఫికర్ పెట్టుకోవద్దు, వేళకు తింటున్నాను. మీ దీవెన ఉంటే చాలు.

తువ్వాల భాయ్ చేతికే ఇచ్చాను. సత్తయ్యతోనే పోనీ.

నీ తమ్ముడు,
మల్లేశం