నీ తమ్ముడి విమానం, నా విమానం

ఏమోయ్,

నా బొమ్మ విమానానికి రబ్బరు కొనడానికి బజారుకు వెళ్తున్నాను. అలమారా మీద ఆరబెట్టిన దాని రెక్కను కదిలించకు, అంటించిన కాగితం ఇంకా పచ్చిగానే ఉంది. ఫ్యాను కూడా వెయ్యకు, ఆ బాల్సా చెక్క నువ్వు నిట్టూర్చినా లేచిపోతుంది.

పోయిన ఆదివారం మీ తమ్ముడు పంకాను తిప్పే రబ్బరు మెలిపెడుతుంటే, వాడి విమానాన్ని పసిపాపలా రెండు చేతులా పట్టుకున్నావు. అది నలభై సెకన్లు ఎగిరితే చప్పట్లు కూడానా! చిన్నప్పుడు నేను ఎగరేసింది మన పెళ్ళినాటికి కూడా కిందికి దిగలేదు తెలుసా? నిన్న నా విమానాన్ని కిటికీ కొక్కేనికి తగిలించి ఒక్కణ్ణే మెలిపెట్టుకుంటే రబ్బరు పుటుక్కున తెగింది. వాడికి పట్టడానికి వాడి పెళ్ళాం ఉంది. ఈ సాయంత్రం మైదానంలో నువ్వు నాది పట్టుకోవాలి.

అన్నట్టు, వాడు మనింట్లో పెట్టి వెళ్ళిన విమానం తోక కింద మైనం ముద్ద అంటించాను. అలాగే ఉంటే లేచినట్టే లేచి కూలబడుతుంది. నాది పట్టుకుంటానంటే దాన్ని గోటితో గీకెయ్. పట్టుకోనన్నా గీకెయ్, పాపం ముచ్చటగా చేసుకున్నాడు. నేనే గీకుదామని రెండుసార్లు వెళ్ళాను గానీ, ఆ విమానాన్ని చూడగానే మళ్ళీ కుళ్ళు పుట్టుకొస్తోంది.