అల్లుడి కాల్షియం మాత్రలు

సిరిసిల్ల, 1991 జూన్ 12, రాత్రి. కోపం దిగితే గాని నిద్ర రాదు, అందుకే రాస్తున్నాను.

అల్లుడు కనకయ్యకు లివర్ వాచిందని తెలిసి కోరుట్ల నుంచి వచ్చాను. వచ్చి చూస్తే సారా తాగి, పైన కాల్షియం మాత్ర మింగుతున్నాడు!

"నీ మనుమరాలే చెప్పింది గదా అత్తమ్మా, కాల్షియంతోని లివర్ మళ్ల పెరుగుతదని," అని నవ్వాడు.

హైదరాబాదులో జీవశాస్త్రం చదువుతున్న నా మనుమరాలు రజిత తల పట్టుకుంది. "గట్ల కాదు బాపూ! పెరగమని కబురు తెచ్చే పదార్థం తాకితే, లివర్ కణం తన లోపల దాచుకున్న కాల్షియాన్ని ఇడుస్తది, మళ్ల గుంజుకుంటది. గా ఎచ్చుతగ్గులు సరిగ్గుంటేనే కణం రెండైతది. దుకాణంల మాత్ర గా పని చెయ్యది. సారా అయితే ఉన్న లివర్‌ను కూడ తింటది."

"సారా ముచ్చట నాకు ఇనపడలే."

ఎట్లా వినపడుతుంది? తనకు నచ్చిన ముక్కే ఏరుకున్నాడు! నక్సలైటు అన్నలు వాడలో సారా దుకాణం మూయిస్తే బోయినపల్లి దాకా పోయి తాగొస్తున్నాడు. ఎవరన్నా భయం లేదు. నా బిడ్డ ముఖం చూస్తే నాకే భయమేసింది...

ఇక జరగవలసినవి:

1. రేపు మొదటి బస్సుకు జగిత్యాల డాక్టరు దగ్గరికి. బంద్ అయితే ఎల్లుండి.
2. మాత్రల సీసా నా పెట్టెలోకి.
3. అతను సారా మానేదాకా నేను కోరుట్లకు తిరిగి వెళ్లను. పొద్దున్నే ఈ మాట చెప్పాలి. దీనికైనా భయపడతాడేమో.