మేనేజరుగారు ఎక్కిన నిచ్చెన

అక్కా,

గెంతులేస్తూ రాస్తున్నాను, గీతలు దాటితే తిట్టకు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద మా మేనేజరుగారి సంతకానికి ఈరోజే గడువు. తీరా ఆయన, పై అర అందడం లేదని, రెండు లావుపాటి రిజిస్టర్ల మీద నిచ్చెన నిలబెట్టి ఎక్కేశారు. పరుగున వెళ్లి పట్టుకున్నాను.

“దిగండి సార్!”

“ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్నానమ్మాయ్, నిన్నగాక మొన్నొచ్చి నాకు చెప్తావా? సంతకం కావాలంటే వదులు.”

“వదిలితే సంతకం పెట్టడానికి మీరుండరు సార్!”

అంతలో కింది రిజిస్టరు జారింది. అయినా నేను నిచ్చెన వదల్లేదు. ఆయన మెల్లగా దిగి, నేరుగా బల్ల దగ్గరికెళ్లి సంతకం గీకారు!

ఆ కాగితం ఫ్రేము కట్టించి మీ ఇంట్లోనే తగిలిస్తాను. మేకు కొడతానని బావ కుర్చీ ఎక్కబోతే ఆపు. నిచ్చెన తెప్పించు, పట్టుకోవడానికి నేనొస్తున్నాను.

నీ చెల్లి