ఫండ్లు వదిలేస్తున్న మన గని షేరు

ఏవండీ,

మీరు కొన్న ఇనప గనుల కంపెనీలో ఎవరి వాటా ఎంతో ఇవాళ ఫోన్లో చూశాను. విదేశీ ఫండ్లు తమ వాటా మళ్లీ అమ్ముకున్నాయి. ఏలూరు నుంచి మీ తమ్ముడు ఫోన్ చేసి, "పెద్దోళ్లే వెళ్లిపోతున్నారు వదినా, మనమూ అమ్మేద్దామండి" అన్నాడు.

వద్దన్నాను.

కొల్లేట్లో మన చెరువు మీద నుంచి గూడకొంగలు లేచిపోతే చేపలు లేవని మీరెప్పుడూ అనుకోలేదు. వల వేయించి చూసేవారు. షేర్ల దగ్గర మాత్రం ఫండ్లు లేస్తే మీరూ లేచేవారు. నేను కంపెనీ లెక్కలు చదివాను. ఖనిజం బాగానే అమ్ముడవుతోంది, అప్పులూ తగ్గాయి. చేపలు చెరువులోనే ఉన్నాయండి.

మీరుంటే ఈపాటికి అమ్మేసి, అదే రైటని మధ్యాహ్నం దాకా నాతో వాదించేవారు.

ఈసారి నా మాటే నెగ్గింది. వాదన లేకుండానే.